గుమ్మం ముందు పెరిగే కిరాయి

గల్ఫ్ దేశాల నుంచి వచ్చే కార్గో పెట్టె గురించి ఈ శుక్రవారం నాలుగు మాటలు రాయదలిచాము. నమాజు, రోజా, జకాత్ విషయాలు మాట్లాడుకునే పేజీలో కిలోలు, సెంటీమీటర్లు, రసీదుల గొడవ ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మదరసాలో మేము చదువుకున్న ఫిఖ్హ్ గ్రంథాల్లో ఆరాధనల అధ్యాయాలు ముగిశాక పెళ్ళి, వ్యాపారం, అప్పు, తాకట్టు, కిరాయి, కూలి అంటూ సాగే అధ్యాయాలకే ఎక్కువ పుటలు కేటాయించారు. వాటిని పరీక్ష కోసం వల్లె వేసి, మదరసా గడప దాటగానే పక్కన పెట్టేసే అలవాటు మన సమాజంలో బలంగా ఉంది. ఇంటి ముందు పెట్టె దిగే రోజున ఆ అధ్యాయాలతో చాలా పని ఉంటుంది.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గానీ, కడప, రాయచోటి వైపు గానీ ఈ పెట్టె సంగతి తెలియని ముస్లిం వాడ అరుదు. కొడుకు దమ్మామ్‌లో డ్రైవరు, అల్లుడు కువైట్‌లో వంటమనిషి, తమ్ముడు షార్జాలో మేస్త్రీ. సెలవు దొరికేది రెండేళ్ళకో మూడేళ్ళకో. ఈలోగా మనిషికి బదులు పెట్టె వస్తుంది. అందులో రెండు పెద్ద కంబళ్ళు, పిల్లల బట్టలు, సబ్బులు, నిడో పాలపొడి, టాంగ్ డబ్బా, ఖర్జూరాలు, అమ్మకు ఒక జానమాజ్, చెల్లెలి పెళ్ళికని నాలుగు చీరల బట్ట. అట్టపెట్టె చుట్టూ తాడు, పైన నల్లసిరాతో పేరు, ఊరు, ఫోను నంబరు. దాన్ని విప్పే రోజు ఇంట్లో చిన్న పండుగే.

ఆ పండుగకు ముందు రోజు ఒక ఫోను వస్తుంది. "మీ పెట్టె హైదరాబాద్ చేరింది. ఎనిమిది వేలు సిద్ధంగా ఉంచండి. లేదంటే గోదాములో రోజుకింత పడుతుంది." అక్కడ బుక్ చేసినప్పుడు రియాళ్ళలో కట్టింది పూర్తి కిరాయి అని, ఇంటి గుమ్మం దాకా చేరుస్తారని పంపినవాడు చెప్పాడు. మరి ఈ ఎనిమిది వేలు దేనికి? అడిగితే వాల్యూమ్ అంటారు, క్లియరెన్స్ అంటారు, హ్యాండ్లింగ్ అంటారు. ఇంకాస్త గట్టిగా అడిగితే "మేము డెలివరీవాళ్ళం మాత్రమే, దమ్మామ్‌లో అడగండి" అంటారు. దమ్మామ్‌లో అడిగితే "అది ఇండియా వైపు ఖర్చు" అంటారు.

పాతికేళ్ళ క్రితం మా దగ్గరికి జిద్దా నుంచి వచ్చిన ఉర్దూ ఉత్తరాలు చదివించుకోవడానికి వచ్చేవారు. ఇప్పుడు ఉత్తరాలు లేవు. ఫోను చేతికిచ్చి, "మౌల్వీ సాబ్, ఇదేం లెక్కో కాస్త చూసి చెప్పండి" అంటున్నారు. చూస్తే అందులో లెక్క ఉండదు. ఒక అంకె, దాని కింద డబ్బు పంపే కోడ్, అంతే. దాన్ని బిల్లు అనడం కూడా మర్యాదకే.

ఇలా అడిగినప్పుడు మనవాళ్ళు చాలామంది ఏం చేస్తున్నారు? కడుతున్నారు. చేబదులు తెచ్చి మరీ కడుతున్నారు. పంపినవాడు అక్కడి నుంచి ఫోనులో "ఇచ్చెయ్యి, గొడవ పెట్టుకోకు, నలుగురిలో నగుబాటు" అంటాడు. ఇంటి పెద్దలు "నాలుగు పైసల కోసం బేరమాడడం షరాఫత్ కాదు" అంటారు. ఈ మాటతో మాకు పేచీ ఉంది. కూరగాయల బండి దగ్గర అర్ధరూపాయికి అరగంట బేరమాడే మనం, ఎనిమిది వేలకు లెక్క అడగడం పరువు తక్కువ అనుకోవడం వింతగా ఉంది. లెక్క అడగడం పిసినారితనం కాదు, నింద వేయడం కూడా కాదు. నిజాయితీగల వ్యాపారి లెక్క చెప్పడానికి సంతోషిస్తాడు. చిరాకుపడేవాడి దగ్గరే లెక్క తేలదు.

అయితే అదనంగా అడిగిన ప్రతి రూపాయీ మోసమేనని కూడా మేము అనబోము. ఏది న్యాయం, ఏది కాదు అని విడదీయాలంటే ముందు ఆ మాటల వెనుక ఉన్న సంగతి తెలియాలి.

వాల్యూమ్ అన్నది కల్పించిన మాట కాదు. విమానంలో స్థలం తక్కువ, తేలికైన సరుకు కూడా చాలా చోటు ఆక్రమిస్తుంది. అందుకని పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, కొరియర్ కంపెనీలు సాధారణంగా 5000తో, విమాన కార్గోవారు సాధారణంగా 6000తో భాగిస్తారు. వచ్చిన అంకె, త్రాసు చూపే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కిరాయి వేస్తారు. ఉదాహరణకు పొడవు 75, వెడల్పు 60, ఎత్తు 60 ఉన్న పెట్టెను తీసుకోండి. గుణిస్తే 2,70,000. దాన్ని 5000తో భాగిస్తే 54 కిలోలు, 6000తో భాగిస్తే 45 కిలోలు. త్రాసు మీద అది 32 కిలోలే తూగవచ్చు. కంబళ్ళు ఉన్న పెట్టెలో ఈ తేడా తప్పదు. అంటే ఒకే పెట్టెకు మూడు బరువులు! ఏ బరువుకు కిరాయి అన్నది పెట్టె ఎత్తకముందే తేలాలి. ఎత్తుకుపోయాక, సముద్రం దాటాక, కొనవలసినవాడికి వేరే దారి లేని చోట తేల్చడం సరైన పద్ధతి కాదు.

ఇంకో చిన్న సంగతి ఉంది, దీన్ని ఆడవాళ్ళు బాగా అర్థం చేసుకుంటారు. కంబళిని మోకాలితో అదిమి, తాడు బిగించి కడతాము. దారిలో తాడు వదులైతే అది మళ్ళీ పొంగుతుంది. అట్టపెట్టె పక్కలు ఉబ్బుతాయి. అన్ని వైపులా ఐదేసి సెంటీమీటర్లు పెరిగిందనుకోండి, ఆ పెట్టె 80, 65, 65 అవుతుంది. గుణించి 5000తో భాగిస్తే 67 కిలోల పైచిలుకు. లోపల ఒక్క నూలుపోగు కూడా పెరగలేదు, కిరాయి మాత్రం 13 కిలోలకు పైగా పెరిగింది. కొలత టేపును ఉబ్బు మీద పెడతారా, అంచు మీద పెడతారా అన్నది చూడడానికి స్వల్ప విషయం. దివ్య ఖుర్ఆన్ 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్. కొలతల్లో, తూనికల్లో ఎదుటివాడికి కోత పెట్టేవారి గురించిన సూరా అది. తత్ఫీఫ్ అనే మాటలోనే స్వల్పం అనే అర్థం ఇమిడి ఉందని భాషావేత్తలు చెబుతారు. బస్తాలకు బస్తాలు ఎత్తుకుపోయేవాడికి పెట్టిన పేరు కాదది. చిటికెడు తగ్గించేవాడికి, వేలెడు పెంచేవాడికి పెట్టిన పేరు.

ఇక క్లియరెన్స్, కస్టమ్స్ అనే మాటలు. ఇక్కడ మనవాళ్ళలో పాత నమ్మకం ఒకటి మిగిలిపోయింది. కానుకలకు పన్ను ఉండదని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఒకప్పుడు ఆ వెసులుబాటు ఉండేది. 2016లో కానుకల పరిమితిని 20,000 రూపాయల దాకా పెంచారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ 20,000 మినహాయింపు పోయింది. 2019 డిసెంబరులో పోస్టు ద్వారా, కొరియర్ ద్వారా కానుకగా సరుకు రప్పించడాన్ని, ప్రాణరక్షక మందులకు, రాఖీలకు తప్ప, ఆపేశారు. పూర్తి సుంకం కట్టి తెప్పించుకోవచ్చు, అంతే. కాబట్టి సుంకం పడిందని ఏజెంటు చెబితే అది అబద్ధమని వెంటనే అనలేము. కానీ సుంకం ప్రభుత్వానిది. దానికి బిల్ ఆఫ్ ఎంట్రీ అనే కాగితం ఉంటుంది, చలానా ఉంటుంది. చాలా ఇళ్ళ పెట్టెలను ఒకే లాటుగా కలిపి తెచ్చినా ఆ కాగితం పుట్టకుండా సరుకు బయటికి రాదు. ఆ కాగితం నకలు చూపించి, మన వంతు ఎంతో చెప్పి తీసుకుంటే అది సుంకం. కాగితం లేకుండా తీసుకుంటే దాని పేరు వేరు.

ఓడ మీద వచ్చే సరుకు సంగతి కొంత వేరు. ఫైనల్ ఎగ్జిట్ మీద తిరిగి వచ్చేవారు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచం వంటివి అలా పంపుతారు. అక్కడ కిరాయి ఘనపు మీటరు లెక్కన ఉంటుంది. నావా షేవాలోనో చెన్నైలోనో దిగిన తర్వాత రేవు ఖర్చు, డెలివరీ ఆర్డరు రుసుము, ఉచిత గడువు దాటితే నిల్వ కిరాయి అంటూ మరికొన్ని పడతాయి. సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటైనర్ డిపో దాకా తెప్పిస్తే ఆ దారి ఖర్చు కూడా కలుస్తుంది. బయలుదేరే రేవులో పుచ్చుకున్న కిరాయిలో ఇవి ఉన్నాయా లేవా అని ముందుగా రాయించుకోకపోతే ఓడ కిరాయి కంటే ఒడ్డు కిరాయి ఎక్కువయ్యే సందర్భాలున్నాయి.

మా వాడలో ఈ మధ్య జరిగిన ఒక సంగతి చెబుతాము. పేర్లు అక్కర్లేదు. భర్త సౌదీలో డ్రైవరు, ఆమె ఇక్కడ కుట్టుమిషను మీద నాలుగు జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఆడబిడ్డ నికాహ్ గురువారం అనగా సోమవారం ఫోను వచ్చింది. పెళ్ళి బట్టలన్నీ ఆ పెట్టెలోనే. అడిగింది 8,400 రూపాయలు. ఎందుకని అడిగితే త్రాసు బరువు 32, వాల్యూమ్ 54, తేడా 22 కిలోలు, కిలోకు 250 చొప్పున 5,500 అన్నారు. కస్టమ్స్ 2,000, హ్యాండ్లింగ్ 900 అన్నారు. అక్కడ భర్తకు ఇచ్చిన చీటీలో 32 కిలోలు, డోర్ డెలివరీ అని ఉంది. వాల్యూమ్ మాట ఎక్కడా లేదు.

ఆమె కేకలు వేయలేదు. కస్టమ్స్ కాగితం నకలు పంపండి, పంపగానే ఆ 2,000 కడతాను అని వాట్సాప్‌లో ఉర్దూలోనే రాసింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. "పోనీలెండి, మీ కోసం కస్టమ్స్ వదిలేస్తున్నాం." పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ప్రభుత్వానికి చెల్లించిన పన్నును గోదాము గుమాస్తా మాఫీ చేయగలడా? చేయగలిగాడంటే అది ఎప్పుడూ పన్ను కాదన్నమాట. మిగతా 6,400 ఆమె కట్టింది. పెళ్ళి ఆగదు కదా. కానీ కట్టేటప్పుడు రసీదు పుచ్చుకుంది, ఆ రసీదు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసింది. తర్వాత ఫిర్యాదు చేసింది. ఇది రాసేనాటికి నెల గడిచింది. హ్యాండ్లింగ్ 900 తిరిగి వచ్చాయి. 5,500 మీద ఇంకా వాదన నడుస్తోంది. మొత్తం వస్తుందో రాదో మేము చెప్పలేము. కానీ ఒక సోమవారం, ఒక ప్రశ్న, 2,000 రూపాయలు. కుట్టుమిషను మీద ఆ రెండు వేలకు ఎన్ని జాకెట్లో ఆ ఇల్లాలినే అడగాలి.

మా ఉస్తాదులు మాకు చెప్పిన హిదాయా గ్రంథంలో కిరాయిల అధ్యాయం ఉంది. హనఫీ న్యాయశాస్త్రంలో మన దేశపు మదరసాల్లో తరతరాలుగా బోధిస్తున్న గ్రంథం అది. అందులో మొదటి నియమం, పని ఏమిటో తెలియాలి, కిరాయి ఎంతో తెలియాలి. కిరాయి తెలియని ఒప్పందం చెడిన ఒప్పందం. అలాగని పని చేసినవాడికి ఏమీ ఇవ్వనక్కర్లేదని ఫుఖహా అనలేదు. అప్పుడు ఉజ్రతే మిస్ల్ ఇవ్వాలన్నారు. అంటే అలాంటి పనికి ఆ బజారులో మామూలుగా నడిచే కిరాయి. మోసినవాడు నోటికొచ్చినంత అడగడానికి వీల్లేదు, మోయించినవాడు ఎగ్గొట్టడానికీ వీల్లేదు. ఇద్దరి గొంతూ తగ్గించే తీర్పు ఇది. గోదామువాడు 54 కిలోలు అంటే, పక్కనున్న నలుగురు కార్గోవాళ్ళు అదే పెట్టెకు ఎంత పుచ్చుకుంటారో కనుక్కోవడం షరీఅత్ చూపిన దారి కూడా.

అదే అధ్యాయంలో మరో మసలా ఉంది. చదివే రోజుల్లో మాకు అది కేవలం పదాల సాముగా కనిపించేది. కూలి అందేదాకా సరుకును ఆపుకునే హక్కు ఎవరికి ఉంది? బట్టకు రంగు అద్దినవాడికి ఉంది, బట్ట ఉతికి తెల్లగా చేసినవాడికి ఉంది. వాళ్ళ పని ఆ బట్టలో కనబడుతుంది, వాళ్ళ చెమట ఆ రంగులో కలిసి ఉంది. బరువు మోసిన హమ్మాల్‌కు, పడవ నడిపిన మల్లాహ్‌కు ఆ హక్కు లేదు. మోత అయిపోయాక మూటలో దాని గుర్తేమీ మిగలదు. కూలి బాకీ ఉంటే అడగవచ్చు, ఖాజీ దగ్గరికి వెళ్ళవచ్చు, మూటను మాత్రం పట్టుకు కూర్చోకూడదు. మన తెలుగులో హమాలీ అనే మాట ఆ అరబీ హమ్మాల్ నుంచి వచ్చినదే. నేటి కార్గో కంపెనీ ఎంత పెద్దదైనా ఈ లెక్కలో హమాలీయే.

మన దేశ చట్టం ఇక్కడ కొంత తేడాగా ఉంటుంది. ఒప్పుకున్న కిరాయి బాకీ ఉంటే ఆ మేరకు సరుకు ఆపే వీలు రవాణాదారుకు ఉంది. మనం ఉండేది ఈ చట్టం కింద కాబట్టి అది మనకు వర్తిస్తుంది. కానీ ఒప్పుకోని కిరాయి కోసం ఆపితే? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షను చూడండి. పొరపాటున గానీ బలవంతం వల్ల గానీ చెల్లించిన సొమ్మును పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి అన్నది ఆ సెక్షను సారాంశం. దాని కింద చట్టం రాసినవారే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒక రైల్వే కంపెనీ అక్రమమైన అదనపు చార్జీ కడితే తప్ప సరుకు ఇవ్వనంటుంది. సరుకు కావలసినవాడు గత్యంతరం లేక కడతాడు. న్యాయంగా రావలసినదానికి మించి పుచ్చుకున్నంత మేరకు అతడు వెనక్కి రాబట్టుకోవచ్చు. బోరీబందర్ నుంచి ఠాణేకు 1853లో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. రెండు దశాబ్దాలు తిరక్కముందే ఈ గోదాము గొడవ చట్టసభ దాకా వెళ్ళిందన్నమాట! కట్టేశాము కదా, ఇక మాట్లాడే హక్కు ఎక్కడిది అనేవారికి నూటయాభై ఏళ్ళ నాటి జవాబు ఇది.

ఇంకో అపోహ. "బుక్ చేసింది మా ఆయన, డబ్బు కట్టింది అక్కడ, ఇక్కడ నేను ఎవరిని?" అని ఇల్లాళ్ళు వెనుకంజ వేస్తున్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ఇది 2020 జూలై నుంచి అమల్లో ఉంది, సేవను కొన్నవారితో పాటు వారి సమ్మతితో ఆ సేవను అందుకున్నవారిని కూడా వినియోగదారుగానే గుర్తిస్తుంది. పెట్టె ఎవరి పేరున వచ్చిందో ఆ తల్లి, ఆ భార్య చట్టం దృష్టిలో ఫిర్యాదుదారే. పైగా ఫిర్యాదుకు హైదరాబాద్ పోనక్కర్లేదు, దమ్మామ్ అసలే అక్కర్లేదు. తాను ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడాన్ని కూడా ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. అంతదాకా వెళ్ళే ముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌వారు తెలుగులోనే ఫిర్యాదు రాసుకుంటారు. కొన్ని తగాదాలు అక్కడే ముగుస్తాయి. ముగియకపోయినా, అడిగే మనిషి ఉందని ఎదుటివారికి తెలుస్తుంది.

ఇంతవరకు ఒక వైపు చెప్పాము. రెండో వైపు చెప్పకపోతే త్రాసు మేము కూడా వంచినట్టే అవుతుంది. కార్గో నడిపేవారిలో నిజాయితీపరులు చాలామంది ఉన్నారు, వారిలో మన సోదరులూ ఉన్నారు. వారు చెప్పే గోడు విన్నాము. వాడిన బట్టలు అని జాబితాలో రాయించి లోపల రెండు కొత్త ఫోన్లు పెడతారు. ఖర్జూరం పెట్టె అడుగున ఎలక్ట్రిక్ సామాను దాస్తారు. కస్టమ్స్‌వారు తెరిస్తే జరిమానా ఏజెంటు నెత్తిన పడుతుంది, ఆ లాటులోని మిగతా ఇళ్ళ పెట్టెలూ ఆగిపోతాయి. 1962 కస్టమ్స్ చట్టం ప్రకారం అబద్ధపు జాబితాతో వచ్చిన సరుకును జప్తు చేసే అధికారం కూడా వారికి ఉంది. జాబితాలో అబద్ధం రాయించినవాడు గుమ్మం దగ్గర న్యాయం అడగడానికి నోరెలా వస్తుంది? ఇలాంటి చోట అదనంగా పడిన సుంకం, జరిమానా పంపినవాడిదే, అందులో వాదనకు తావు లేదు.

వ్యాను తెచ్చిన కుర్రవాడి మీద విరుచుకుపడడం కూడా మాకు నచ్చదు. రేటు వేసింది అతడు కాదు. పొద్దున్నుంచి పాతిక పెట్టెలు మోసి వచ్చినవాడికి ముందు మంచినీళ్ళు ఇవ్వాలి. రెండో అంతస్తుకు ఎక్కించమంటే ఆ మోతకూలి వేరే ఇవ్వాలి, అదీ అప్పటికప్పుడు ఇవ్వాలి. కూలివాడిని తిప్పుకోవడం ప్రవక్త (సఅసం) సహించని పనుల్లో ఒకటని మన పిల్లలకు కూడా తెలుసు. తగాదా కంపెనీతో, తిట్లు కుర్రవాడికి అన్న తీరు మన వాడల్లో ఎక్కువైంది.

పెట్టెలు గల్ఫ్ నుంచే రానక్కర్లేదు. హైదరాబాద్ నుంచి లారీ ట్రాన్స్‌పోర్టులో బీరువానో సోఫానో వేసేటప్పుడు కూడా ఇదే తంతు. రసీదు మీద "టు పే" అని ఉందా, "పెయిడ్" అని ఉందా, మొత్తం ఎంత అని రాశారా అన్నది లారీ కదలకముందే చూసుకోవాలి. ఆ గడి ఖాళీగా వదిలిన రసీదు ఖాళీ చెక్కు లాంటిది.

ఇక అక్కడున్న మన అబ్బాయిలకు ఒక మాట. ఇల్లాలు గుమ్మంలో నిలబడి వాదించాలంటే ఆమె చేతికి ఆయుధం మీరే ఇవ్వాలి. పెట్టె కట్టి తాడు బిగించాక, మూడు వైపులా టేపు పెట్టి మూడు ఫోటోలు, త్రాసు మీద ఉన్నప్పుడు ఒక ఫోటో తీయండి. రెండు నిమిషాల పని. తర్వాత ఏజెంటుకు నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లో రాయండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. కిరాయి త్రాసు బరువుకా, కొలతకా? కొలతకైతే 5000తో భాగిస్తారా, 6000తోనా? సుంకం మీరు కట్టిన దానిలో ఉందా, విడిగానా? ఇల్లు చేరాక ఇంకేమైనా ఉందా? అతడు నోటిమాటగా "అంతా కలిపే భాయ్, ఫికర్ వద్దు" అంటే, ఆ మాటనే టైపు చేసి పంపి "సరేనా" అని అడగండి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది, అది అప్పులు, లావాదేవీలు రాసుకోవడం గురించినది. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దనే బోధ అందులోనే ఉంది. అంతటి ఆయత్‌ను హిఫ్జ్ చేసిన పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు. వారి తండ్రులు మాత్రం చీటీ లేకుండా పెట్టె అప్పగిస్తున్నారు.

ఆ ఫోటోలు, ఆ రాత వెంటనే ఇంటికి పంపాలి. పెట్టె చేరాక పంపుదాములే అనుకుంటే గోదాము నుంచి ఫోను వచ్చిన వేళకు మీరు డ్యూటీలో ఉంటారు.

ఇక్కడ ఇంట్లో ఉన్నవారు, కట్టక తప్పని పరిస్థితి వస్తే, కట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకోవాలి. పెట్టె నంబరు, బుకింగ్ చీటీలో ఉన్న బరువు, ఇప్పుడు అడిగిన మొత్తం, దానికి చెప్పిన కారణం రాయాలి. "సరుకు అత్యవసరం కావడం వల్ల అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, తిరిగి కోరే హక్కు ఉంచుకుంటున్నాను" అని కింద రాసి సంతకం చేయాలి. ఒక నకలు వ్యానువాడికి ఇచ్చి, రెండోదాన్ని ఫోటో తీసి కంపెనీ నంబరుకు పంపాలి. నగదు ఇవ్వకుండా కంపెనీ ఖాతాకే పంపితే మరీ మంచిది, ఎవరు పుచ్చుకున్నారన్న పేచీ ఉండదు. ఆ కాగితం తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా ఫర్వాలేదు. తేదీ మాత్రం తప్పక వేయాలి. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు, గొడవ పుట్టిన నాటి నుంచి లెక్క.